మా యూరి రాక్షసిబొగ్గు

నేలను త్రవ్వి తీయు బొగ్గునకు మన పెద్దలు రాక్షసిబొగ్గని పేరు పెట్టిరి. కట్టెను కాల్చి చేసిన బొగ్గు సాధువైనది. కమ్మరి కొలిమిలోను, ఇస్త్రీపెట్టెలోను ఒదిగి చెప్పినట్లు వినును. ఈ రెండవది యట్లు కాదు. అంటుకొనుటకు ఆలస్యము చేయును. అంటుకొనిన పిమ్మట ఇనుమును సైతము కరగించును. కుప్పగా పోసి మఱచిపోయినచో తనంతట తాను రాజుకొని దినములతరబడి మండుచుండును. నల్లబంగారమను ముద్దుపేరు వార్తాపత్రికలవారు తెచ్చినది. మేము పుట్టి పెరిగిన యూరిలో ఆ మాట ఎవరి నోటను వినియెఱుగము. బంగారమును పారతో తట్ట కెత్తి, నడుము వంచి, టన్నుల లెక్కను మోసినవాడు లోకములో నెవడైన నుండునా?

ఈ సంచికకు ఏదేని వ్రాయుడని మిత్రులు కోరినపుడు బొగ్గునుగూర్చియే వ్రాయవలెనని మాకు తోచుటకు ఒక కారణము కలదు. గడచిన సంవత్సరము పదవ తరగతి విద్యార్థి యొకడు, పాఠము ముగిసిన తరువాత మా బల్లయొద్దకు వచ్చి, "సార్, బొగ్గు పోవుచున్నదని అందఱు చెప్పుచున్నారు. మా అన్న మైనింగు డిప్లొమాలో చేరవచ్చునా, కూడదా?" అని యడిగెను. వాని తాత ఫిల్లరు, అనగా రాలిన బొగ్గును చేతులతో బండ్ల కెత్తినవాడు. తండ్రి గనిలో పంపు నడపువాడు. ఇంటిలో మూడవతరము ఏ దారి పట్టవలెనో తేల్చుకొనవలసిన సమయమది. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుటకు మాకు నోరాడలేదు. వాని ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెనవేసికొని యున్నవి. బొగ్గు పోవుచున్నదా యనునది యొకటి. బొగ్గుపని పోవుచున్నదా యనునది మఱియొకటి. పత్రికలు చదువువారు సామాన్యముగా ఈ రెంటిని ఒక్కటిగా తలంతురు. గనుల యొద్ద నివసించువారి కా సౌకర్యము లేదు.

మా యూరు ఇల్లందు. చుట్టుప్రక్కల పల్లెలవారు బొగ్గుట్ట యనియు పిలుతురు. 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతమున బొగ్గుపొరలను కనుగొనెను. 1886లో ఇంగ్లాండునందు ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ నిజాము రాజ్యమున గనులు త్రవ్వు హక్కును సంపాదించెను. 1889 నాటికి త్రవ్వకము సాగుచుండెను. నిజాము రైలుమార్గము డోర్నకలు వఱకు వచ్చి, అచ్చటినుండి ఒక శాఖగా అడవిలోనికి చొచ్చుకొని పోవుట ఆ బొగ్గుకొఱకే. బొగ్గు లేనిదే బండి నడువదు, బండి లేనిదే బొగ్గు కదలదు. రెండును ఒకదాని చేయి ఒకటి పట్టుకొని మా యూరికి వచ్చినవి. చేరువనున్న సింగరేణి గ్రామము పేరు ఈ గనులకు వచ్చి, తరువాత గోదావరి లోయలోని బొగ్గంతటికిని అదియే పేరైనది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేర సంస్థ నమోదు కాగా, 1945లో నిజాము ప్రభుత్వము అందు పెద్దవాటాను కొనెను. నేడు అందలి వాటాలలో నూటికి 51 తెలంగాణ ప్రభుత్వమువి, 49 కేంద్ర ప్రభుత్వమువి. ఇల్లందునుండి కొత్తగూడెము, బెల్లంపల్లి, రామగుండము, మణుగూరు, భూపాలపల్లి వఱకు గనులు ప్రాకినవి. ఎక్కడెక్కడ గని పడెనో అక్కడక్కడ అడవి పట్టణమైనది.

ఆ బొగ్గు పుట్టుకనుగూర్చి విద్యార్థులకు పుస్తకములలో నున్నదే కావున క్లుప్తముగా చెప్పెదము. సుమారు ఇరువదియైదు, ముప్పది కోట్ల సంవత్సరములకు పూర్వము, భారతభూమి ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా యను ఒకే ఖండముగా నుండిన కాలమున, ఈ లోయ చిత్తడినేల. గ్లోసోప్టెరిస్ అను చెట్ల ఆకులును మ్రాకులును బురదలో పొరలుగా పడి, ఇసుక క్రింద అణగి, వేడిమికి బొగ్గైనవి. ఆ గోండ్వానా యను పేరు మన గోండుల దేశమునుండి పుట్టినదేయని చాలమంది యెఱుగరు. మా చిన్నతనమున బొగ్గు పగులగొట్టునపుడు ప్రక్కనున్న పలకరాతిపై నాలుకవంటి ఆకుగుర్తు ఒకటి రెండు మేము చూచితిమి. అవి ఏమిటో అప్పుడు చెప్పువారు లేకుండిరి.

మా తండ్రిగారు 1958లో, వర్షములు లేక వ్యవసాయము చెడిన యేట, ఇరువది యేండ్ల వయసున పల్లెను విడిచి గనిలో చేరిరి. గని యను మాట పుస్తకములది; మావారు బాయి యందురు. "బాయికి పోయినాడు" అనగా పనికి పోయినాడని అర్థము. రైతు కొడుకునకు బాయి యనగా నీరు తోడు చోటు. అదే మాటను మోసికొని వచ్చి నిప్పు తోడు చోటికి పెట్టుకొనిరి. ఊరిలో గడియారములు అంతగా లేవు, వానితో పనియు లేదు. మూడు షిఫ్టులకు మూడు సైరనులు. మా తల్లిగారు వంట ప్రారంభించుటయు, మేము బడికి బయలుదేరుటయు, ప్రక్కయింటి వారు కోళ్ళను మూయుటయు సైరనునుబట్టియే.

లోపలి పని యెట్టిదో చూడనివారికి తెలుపుట సులభము కాదు. బొగ్గుపొరను ఇష్టము వచ్చినట్లు త్రవ్వరు. పట్టణపు వీధులవలె నిలువుగను అడ్డముగను సొరంగములు తొలిచి, వీధికిని వీధికిని నడుమ బొగ్గునే చతురస్రపు స్తంభములుగా విడిచిపెట్టుదురు. పైనున్న భూమినంతను మోయునవి ఆ స్తంభములే. పొర అంతయు అట్లు తొలిచిన పిమ్మట, కొననుండి వెనుకకు నడచుచు, స్తంభములనుకూడ ఒక్కొక్కటిగా తీయుదురు. తీసినచోట కప్పు కూలును. కొన్ని చోట్ల కూలనిత్తురు. మఱికొన్ని చోట్ల గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టములగుండ లోనికి పంపి ఖాళీని నింపుదురు. స్తంభములు తీయు కాలమే మిక్కిలి భయంకరము. మా తండ్రిగారు కఱ్ఱతో కప్పును తట్టి చెవియొగ్గి వినుట నేర్చిరి. గట్టి కప్పు ఖంగుమనును. వదులు కప్పు పగిలిన కుండవలె డొల్లగా పలుకును. ఊతగా నిలిపిన కొయ్యదుంగ బరువునకు ఓర్వలేనపుడు ముందుగా కిఱ్ఱుమని మూల్గును. ఆ మూల్గు వినినవాడు పరుగెత్తి బ్రతుకును. ఇనుపకంబము చెప్పక వంగును గనుక పాతకాలపువారు కొయ్యనే నమ్మిరి. "దుంగ మాటాడును" అని మా తండ్రిగారు చెప్పుచుండిరి. ఇంటికి వచ్చిన తరువాత కూడ మంచము కిఱ్ఱుమనిన ఉలికిపడి లేచుట మేము చూచితిమి.

గాలిలో మండుడు వాయువు చేరినదా యని తెలిసికొనుటకు జ్వాలాదీపము నుంచుకొందురు. హంఫ్రీ డేవీ 1815లో వలకప్పిన దీపమును చేసిన తరువాత ప్రపంచపు గనులన్నిటను అది వ్యాపించినది. వాయువున్నచోట జ్వాలపై నీలిరంగు టోపీవంటి వెలుగు లేచును. టోపీ పెరిగినకొలది ప్రమాదము పెరుగును. అయినను గనిలో చావునకు మార్గము అది యొక్కటే కాదు. 2003 జూన్ నెలలో గోదావరిఖనియందలి ఒక గనిలోనికి నీరు చొరబడి 17 మంది మరణించిరి. ఆ వారము మా యూరిలో ఏ యింటనుండియు పెద్దగా మాట వినబడలేదు. నూఱు మైళ్ళ దూరమున జరిగినదని ఎవరును తలపలేదు. ప్రతి యింటివారును తమ బాయిలోనే జరిగినట్లుండిరి.

ఇంటిలో బొగ్గు సంగతి చెప్పకున్న మా తల్లిగారికి అన్యాయము చేసినవార మగుదుము. గనివారికి వంటకు బొగ్గు వచ్చెడిది. కాని పచ్చిబొగ్గుతో ఇంటిలో వండుట అసాధ్యము. పొగ కన్నులను పొడిచివేయును. అందుచేత సాయంకాలము బొగ్గులపొయ్యిని వాకిట పెట్టి, పొగ వెడలిపోయి నిప్పులు ఎఱ్ఱబడిన తరువాత లోపలికి తెత్తురు. వరుస క్వార్టర్లలో అన్ని వాకిళ్ళ పొగయు ఒక్కసారి లేచి వీధి కనబడకపోవుచుండెను. అడుగున మిగిలిన పొడిని పాఱవేయరు. బంకమన్నును కొంచెము పేడను కలిపి ఉండలుచేసి గోడపై ఎండబెట్టుదురు. అవి రాత్రియంతయు మెల్లగా కాలును. తరువాత వంటవాయువు వచ్చినది. మా తల్లిగారు సిలిండరు వచ్చిన మొదటి నెలలో పాలు విఱుగునేమో యని భయపడిరిగాని, ఆ తరువాత బొగ్గులపొయ్యివంక తిరిగి చూడలేదు. బొగ్గు వలన వచ్చు భోగమును పొగడువారిలో మేము అనేకులను చూచితిమి. బొగ్గుపొయ్యి పోయినదని విచారించిన స్త్రీని మాత్రము ఒక్కర్తెను చూడలేదు. క్షీణతలన్నియు దుఃఖకరములు కావు.

ఇక తగ్గుదల సంగతి. రైలుబండియే మొదట బొగ్గును విడిచినది. చిత్తరంజను కర్మాగారమున ఆవిరియంత్రముల తయారీ 1972లో ఆగిపోయెను. పెద్దగేజి మార్గములపై ఆవిరిబండ్ల నిత్యసేవ 1995లో ముగిసెను. ఏ రైలుకొఱకు మా యూరు పుట్టెనో ఆ రైలునకే మా బొగ్గు అక్కఱలేకపోయినది. బొగ్గును మోసికొనిపోవు పనిమాత్రము దానికి మిగిలినది. తరువాత ఎరువులు. రామగుండమున 1980లో బొగ్గునుండి యూరియా చేయు కర్మాగారము ఉత్పత్తిలోనికి వచ్చి, మొదటినుండియు కుంటుచు నడచి, 1999లో మూతపడెను. అదే చోట 2021లో తెఱవబడిన క్రొత్త కర్మాగారము సహజవాయువుతో నడచును. గనుల నడుమ కూర్చుండి ఎక్కడినుండియో గొట్టములో వచ్చు వాయువును వాడుకొను ఆ కర్మాగారమును చూచినపుడెల్ల మాకు నవ్వు వచ్చును. ఎరువు కావలసిన రైతునకు ఆ నవ్వుతో పనిలేదు.

అయితే బొగ్గు తగ్గినదా? లెక్కలు చూచినవాడు నివ్వెఱపోవును. భారతదేశమున 2024-25 సంవత్సరమున వెలికి తీసిన బొగ్గు నూఱు కోట్ల టన్నులను దాటినది. మునుపెన్నడును అంత తీయలేదు. సింగరేణిలో 1990వ దశకపు తొలి యేండ్లలో ఏటికి రెండుకోట్ల టన్నులకు అటునిటుగా వచ్చుచుండగా, 2023-24లో ఏడుకోట్ల టన్నులు వచ్చినది. కాని ఆ తొలి యేండ్లలో లక్షకు పైగా ఉండిన పనివారు, నేడు కాంట్రాక్టు వారిని విడిచి చూచినచో, నలుబది వేలకు చేరువలోనికి దిగిరి. బొగ్గు మూడింతలకు మించెను. మనుష్యులు సగమునకన్న తక్కువైరి. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన గాని మా పట్టణముల కథ బోధపడదు.

దీనికి కారణము త్రవ్వు విధము మాఱుట. ఓపెన్‌కాస్టు పద్ధతిలో భూమిలోనికి మనుష్యుడు దిగడు. భూమి కప్పునే ఎత్తివేయుదురు. మన్నును రాతిని పేల్చి, పెద్దపాఱ యంత్రములతో ఎత్తి, డంపరులలో పోసి, ప్రక్కన కొండలుగా కుప్పవేయుదురు. మా యూరి చుట్టు నేడు కనబడు గుట్టలలో దేవుడు చేసినవి కొన్ని, డంపరులు చేసినవి కొన్ని. ఇప్పుడు సింగరేణి బొగ్గులో పదింట తొమ్మిదిపాళ్ళు ఈ విధముగా వచ్చినదే. ఇందు కప్పు కూలి చచ్చుట యుండదు. ఆ మేలును తక్కువగా చెప్పరాదు. కాని వంద తట్టలవాండ్రు చేయు పనిని ఒక్క యంత్రము మీట కదలించినంతమాత్రమున చేయును. భూగర్భ గనులలోను చేతితో ఎత్తుట పోయి ఎత్తుయంత్రములు వచ్చినవి. ఫిల్లరు అను మాట మా మనుమల కాలమునకు నిఘంటువులో వెదకవలసి వచ్చును. పాత బాయిలు మూతపడినకొలది క్వార్టర్లు ఖాళీయైనవి. మా వీధిలో మేము ఆడుకొనిన వరుసలో నాలుగిండ్ల తలుపులు ఇప్పుడు లేవు. గుమ్మములగుండ తుమ్మచెట్లు పెరిగియున్నవి. టీ దుకాణములలో మూడవ షిఫ్టుకొఱకు రాత్రియంతయు వెలుగుచుండిన దీపము పదిగంటలకే ఆఱిపోవుచున్నది.

దేశాంతరమున బొగ్గు నిజముగా పోయిన చోటు కలదు. ఏ దేశమువారు మా యూరికి గని త్రవ్వుట నేర్పిరో ఆ దేశమే అది. బ్రిటనులో 1913లో ఏటికి ఇరువదియెనిమిది కోట్ల టన్నులకు పైగా త్రవ్విరి; పదిలక్షలకు మించి పనివారు గనులలో నుండిరి. 1984-85లో గనుల మూసివేతపై ఒక యేడాదిపాటు గొప్ప సమ్మె జరిగి విఫలమయ్యెను. చివరి లోతుగని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూయబడెను. 1882లో లండనునందలి హోల్‌బర్న్ వయాడక్టు యొద్ద బొగ్గుతో విద్యుత్తు చేయుట మొదలిడిన ఆ దేశము, 142 సంవత్సరముల పిమ్మట, 2024 సెప్టెంబరు 30వ తేదీన రాట్‌క్లిఫ్ కేంద్రమును ఆర్పివేసి, బొగ్గు విద్యుత్తునకు స్వస్తి చెప్పెను. వారికి ఉత్తర సముద్రపు వాయువును, సముద్రముమీది గాలిమరలును ఆదుకొనినవి. మనకు అంత సులభము కాదు. 2023-24లో మన దేశపు విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్ళకు పైగా బొగ్గునుండియే పుట్టినది.

అందుచేత ఆ విద్యార్థిని మేము కూర్చుండబెట్టి, ఆ దినమున వాడు తాకిన వస్తువులలో బొగ్గుతో సంబంధము లేనివి ఎన్నియో చెప్పుమంటిమి. ఫ్యాను తిరుగుచున్నది, రామగుండమునందో కొత్తగూడెమునందో జైపూరునందో బొగ్గు మండుటచేత. బడిగోడల సిమెంటు సున్నపురాతిని బొగ్గుమంటలో కాల్చినదే. అందు కలిపిన బూడిదయు విద్యుత్కేంద్రపు పొగగొట్టములో పట్టినదే. ఇటుకల బట్టీలకు బొగ్గు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు బొగ్గు. పొగాకు ఆరబెట్టు కొంపలకు కొన్ని తావుల కట్టె, కొన్ని తావుల బొగ్గు. భద్రాచలము ప్రక్కనున్న సారపాకలోని కాగితపు మిల్లులో ఆవిరికి బొగ్గు. వాడు వెంటనే తన పెన్సిలును చూపి, "ఇదియు బొగ్గే గదా, సార్" అనెను. అది గ్రాఫైటు, బొగ్గునకు దాయాదియే గాని బొగ్గు కాదు. వాని ఉత్సాహమును చంపుట మాకిష్టము లేక, దాయాదియను మాటను కొంచెము నొక్కి చెప్పితిమి.

ఉక్కు సంగతి ప్రత్యేకము. ఇనుపరాతినుండి ఇనుమును విడదీయుటకు కోకు కావలెను. అనగా గాలి తగులనీయక బొగ్గును కాల్చి, అందలి వాయువును తారును పోగొట్టగా మిగిలిన గట్టి పదార్థము. మా గోదావరి బొగ్గు కోకు కాదు. కాల్చిన పొడియై పోవును. కావుననే విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమువారు ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలపై బొగ్గును తెప్పించుకొందురు. ఇంటిముంగిట బొగ్గు ఉండియు సముద్రముమీద బొగ్గు తెచ్చుకొనుట వింతగా తోచును. బొగ్గులన్నియు ఒక్కటి కావు. ఏ పనికి ఏ బొగ్గు అనునది తెలియుటయే ఈ విద్యలో సగము.

కోకు చేయునపుడు వెలువడు తారు ఒకప్పుడు పాఱవేయు మురికి. 1856లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ అను విద్యార్థి ఆ తారులోని పదార్థమునుండి మలేరియాకు మందైన క్వినైను చేయ బ్రయత్నించి, మందునకు బదులు ఊదారంగును కనుగొనెను. దానితో రంగుల పరిశ్రమయు, దాని వెనుక మందుల పరిశ్రమయు పుట్టినవి. నేడు ఆ రంగులును మందులును చాలవఱకు పెట్రోలియమునుండి చేయుచున్నారు. అయినను పెట్టెలలో బట్టలనడుమ వేయు నఫ్తలీను ఉండలు, కొన్ని చర్మవ్యాధులకు పూయు తారు లేపనము, అల్యూమినియము చేయు కొలుములలోని కర్బనపు దిమ్మెలను అతికించు జిగురు, ఇవి తారునుండి నేటికిని వచ్చుచున్నవి. త్రాగునీటిని వడగట్టు ఉత్తేజిత కర్బనము కొబ్బరిచిప్పలనుండి చేయుదురు, బొగ్గునుండియు చేయుదురు. ఒడిశాలోని తాల్చేరులో బొగ్గును వాయువుగా మార్చి మరల ఎరువు చేయుటకు కర్మాగారము కట్టుచున్నారు. రామగుండమున కుంటినది అచ్చట నడచునేమో చూడవలెను.

ఇట్లు వ్రాయుచున్నందున మేము బొగ్గు పక్షమువార మని ఎవరును తలపవలదు. బొగ్గు మండునపుడు అందలి కర్బనము గాలిలో చేరి భూమిని వేడెక్కించుచున్నది. ఆ లెక్కలో సందేహమునకు తావులేదు. దుమ్ము ఊపిరితిత్తులకు చేయు హానిని తెలిసికొనుటకు మేము పుస్తకము చదువవలసిన పని లేదు. మా తండ్రిగారి దగ్గును నలువది యేండ్లు వింటిమి. మండించుటకు బొగ్గు తగ్గవలసినదే. ఉక్కునకును తారునకును కావలసినది మండించుదానిలో కొద్దిపాలే. సింగరేణివారే తమ నేలలపై సౌరఫలకములను నిలిపిరి. మా ఇల్లందునందును అవి ఉన్నవి. బొగ్గు తీసిన నేలపై ఎండను పట్టుట చూచుటకు బాగుగనే యున్నది. కాని అట్టి చోట పలకలు తుడుచుటకును తీగలు చూచుటకును పదిమంది చాలుదురు. మా చింత అచ్చటనే. ఇంగ్లాండులో గనులు మూసినపుడు గనివారి ఊళ్ళకు ముందుగా మఱియొక పని చూపలేదు. ఆ ఊళ్ళు అనేకము నేటికిని తేఱుకొనలేదు. మనకు ఇంకను వ్యవధి కలదు. బొగ్గు పెరుగుచున్న కాలముననే మా ఊళ్ళు తఱిగినవి. బొగ్గు తఱుగు కాలమున వాని గతి యేమి యని అడుగుటకు ఇదియే సమయము.

ఆ విద్యార్థి అన్నకు మేమిచ్చిన సలహా గొప్పది కాదు. కొత్తగూడెములోని గనుల కళాశాలయే 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా మాఱినది. బొగ్గునే నమ్ముకొనక రాళ్ళను, నీటిని, ఇతర ఖనిజములను చదువువాడు ఏ గని మూతపడినను పనికివచ్చును. మూసిన గనిని క్షేమముగా మూసియుంచుటకును చదివినవాడే కావలెను. మైనింగు చదువవలెననిన చదువుము, కాని తాతగారి బాయిలో నీకు కుర్చీ వేసియుంచినారని తలపకుమని చెప్పితిమి. ఆ మాట వానికి నచ్చినదో లేదో ముఖము చూచి తెలిసికొనలేకపోతిమి. వాని తండ్రికి మాత్రము నచ్చలేదు. ఇల్లు గడచుట వచ్చే నెలనుబట్టి యుండునుగాని రానున్న ఇరువది యేండ్లనుబట్టి కాదని ఆయన మాతో అనెను. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేదు.

పాత భూగర్భ గనులున్న తావులనే కొన్నిచోట్ల పైనుండి ఓపెన్‌కాస్టుగా త్రవ్వుచున్నారు. వెనుకటివారు విడిచిన స్తంభములలో మిగిలిన బొగ్గు అట్లు బయటికి వచ్చును. మా మేనల్లుడు అట్టి చోట డంపరు నడపును. 2017లో ఒక సెలవుదినమున వాడు తాతగారిని చూపుగట్టుమీదికి తీసికొనిపోయెను; మేమును వెంట నుంటిమి. గొయ్యి లోతున, ఎదుటి గోడలో, నల్లని పొరపై వరుసగా చతురస్రపు రంధ్రములు కానవచ్చినవి. పావురాళ్ళకు కట్టిన గూళ్ళవలె నున్నవి. ఒకప్పుడు మనుష్యులు టోపీదీపములతో నడచిన వీధులవి. ఇప్పుడు వానిలోనికి ఎండ పడుచున్నది. ఒక రంధ్రపు నోట కొయ్యదుంగ ఇంకను నిలిచియే యున్నది. మా తండ్రిగారు చేతిని కన్నులకు అడ్డము పెట్టుకొని చాలసేపు చూచి, వేలితో ఏమో లెక్కించుకొనిరి. తరువాత మనుమనివైపు తిరిగి, "ఆ స్తంభాల బొగ్గు ఏ గ్రేడు వచ్చింది, బిడ్డా?" అని యడిగిరి. వాడు చెప్పెను. ఆయన తలయూపి, కఱ్ఱను ఒక చేతినుండి మఱియొక చేతికి మార్చుకొని, "మంచిదే విడిచినాము" అనిరి.